మందుల షాపులో కౌంటర్ వెనక ఉన్న మనిషిని మనం ఎలా చూస్తున్నాం?

చిరుజల్లు

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా మనసులో తిరుగుతున్న సంగతి ఇక్కడ పెడుతున్నాను.

మా అమ్మకి థైరాయిడ్ ఉంది. ఏడాదిగా రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఒంటికి సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష లెక్క) దిగిరావడం లేదు. డాక్టరు గారు ఇప్పటికి రెండుసార్లు డోసు పెంచారు. మొన్న నేను అమ్మ మందులు కొంటుంటే కౌంటర్ దగ్గరున్న అమ్మాయి చీటీ చూసి, "ఈ మాత్ర పొద్దున్నే వేసుకుంటారా అండీ? దాంతోపాటు ఇంకేమైనా వేసుకుంటున్నారా?" అని అడిగింది. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నాకు ఆఫీసుకి టైమైపోతోంది. "అవన్నీ డాక్టరు గారు చెప్పారులెండి, మీరు ఇచ్చేయండి" అన్నాను. ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా మందులు కవర్లో పెట్టి ఇచ్చేసింది.

ఇంటికొచ్చాక అదే గుర్తొస్తోంది. ఆ ప్రశ్న డాక్టరు అడిగి ఉంటే పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఈ అమ్మాయి అడిగేసరికి ఎందుకు విసుక్కున్నాను? ఆమె కూడా మందుల గురించే ఏళ్ళ తరబడి చదువుకుని వచ్చింది కదా.

మీరు ఫార్మసిస్ట్‌ని ఎలా చూస్తారు? మందులు అందించే మనిషిగానా, మందుల గురించి తెలిసిన మనిషిగానా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పరుగుపందెం

నాకైతే చీటీ ఇచ్చామా, మందు తీసుకున్నామా, అంతే. ప్రశ్నలు అడిగితే నా మీద అనుమానపడుతున్నారేమో అనిపిస్తుంది. తప్పే కావచ్చు, కానీ అలాగే అనిపిస్తుంది.

ముక్కుసూటి

ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి చెప్తున్నాను. నా దృష్టిలో అది దుకాణం. సరుకు అమ్ముడుపోతేనే అక్కడివాళ్ళకి గడుస్తుంది. అలాంటి చోట దొరికే సలహాని సలహాలా ఎలా తీసుకోవాలి?

ఒకసారి జలుబు, ఒళ్ళునొప్పులతో వెళ్ళాను. చీటీ లేదు. మూడు రకాలు చేతిలో పెట్టారు. రాత్రి నిద్రపట్టక అట్టల వెనక చదువుతూ కూర్చుంటే మూడింట్లో రెండింటిలో పారాసెటమాల్ ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు ఒకటే. పొద్దుటి నుంచీ రెండూ వేసుకుంటూనే ఉన్నాను. ఇచ్చిన మనిషి ఫార్మసిస్టో, సాయానికి పెట్టుకున్న కుర్రాడో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఇద్దరూ ఒకే కౌంటర్ వెనక నిలబడతారు. మెడలో కార్డు ఉండదు, ఉన్నా అందులో అక్షరాలు కనపడవు.

కాబట్టి జనానికి గౌరవం లేదని బాధపడేముందు, ఎవరిని గౌరవించాలో కనపడేట్టు చేయండి.

తెల్లకోటు_కౌంటర్

చిరుజల్లు గారూ, ఆ అమ్మాయి నిలబడ్డ చోట నేను పద్నాలుగేళ్ళుగా నిలబడుతున్నాను. ముందు ముక్కుసూటి గారికి జవాబు చెప్పి మీ దగ్గరికి వస్తాను.

మీకు జరిగింది ముమ్మాటికీ తప్పే. పెద్దవాళ్ళకి 24 గంటల్లో పారాసెటమాల్ 4 గ్రాములు దాటకూడదు. లివరు బాగాలేనివాళ్ళకి, బాగా బక్కగా ఉన్నవాళ్ళకి ఆ హద్దు ఇంకా తక్కువ. జలుబు మందుల్లో అది చాలావాటిలో కలిసే ఉంటుంది. ఇచ్చేవాళ్ళు "ఇవాళ ఇంకేం వేసుకున్నారు?" అని ఒక్క మాట అడగాలి. అడగలేదంటే అక్కడ ఫార్మసిస్ట్ పని జరగలేదన్నట్టే. కార్డు కనపడాలన్న మీ మాట కూడా నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. "మీరు ఫార్మసిస్టేనా?" అని నన్ను అడిగితే నాకు కోపం రాదు. సంతోషంగా చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి. చీటీ చేతికి రాగానే మేం అందులో మందు పేరొక్కటే చదవం. ఈ వయసుకి ఈ డోసు సరిపోతుందా, రెండు మందులు ఒకదాన్నొకటి చెడగొడతాయా, కిడ్నీ సంగతేంటి, ఏదైనా మందు పడదా, కడుపుతో ఉన్నారా, ఇవన్నీ చూసుకోవాలి. ఇదంతా మీరు పర్సు తీసేలోపు జరిగిపోతుంది కాబట్టి బయటికి కనపడదు.

ఒక సంఘటన చెప్తాను. వివరాలు కొన్ని మార్చాను. కీళ్ళవాతంతో బాధపడుతున్న పెద్దాయన చీటీ తెచ్చారు. మెథోట్రెక్సేట్. ఆ జబ్బుకి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీలో రోజుకి ఒకటి అని ఉంది. రాసేటప్పుడు చేయి జారింది, అంతే. కానీ ఆ మందు రోజూ పడితే ఎముక మజ్జ దెబ్బతింటుంది, నోరంతా పూస్తుంది, మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఈ పొరపాటు ఎన్నో దేశాల్లో జరిగింది. యూరప్ మందుల సంస్థ 2019లో దీని గురించే ప్రత్యేకంగా జాగ్రత్తలు చెప్పింది.

డాక్టరుకి ఫోన్ చేశాను. దొరకలేదు. మళ్ళీ చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు ఆ పెద్దాయన రెండుసార్లు గడియారం చూసి, "ఇంత చిన్న మాత్రకి ఇంత తతంగమా బాబూ" అన్నారు. డాక్టరు లైన్లోకి వచ్చి సరిచేశాక, వారంలో ఏ రోజు వేసుకుంటారో ఆయన్నే అడిగాను. సోమవారం అన్నారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "సోమవారం మాత్రమే" అని రాసి, ఆయనతో ఒకసారి పైకి చదివించి ఇచ్చాను. ఆలస్యమైందని విసుక్కుంటూనే వెళ్ళారు.

ఆయన మీద నాకు ఏమాత్రం కోపం లేదు. జరగని ప్రమాదాన్ని ఎవరు చూస్తారు? డాక్టరు రోగం తగ్గిస్తే కనపడుతుంది. మేం ఆపింది కనపడదు.

చిరుజల్లు గారూ, మీ అమ్మగారు కాల్షియం గానీ ఐరన్ గానీ వాడుతున్నారా? ఉంటే థైరాయిడ్ మాత్ర వేసుకున్న ఎంతసేపటికి వేసుకుంటున్నారు? ఆ అమ్మాయి బహుశా అదే అడగబోయింది.

చిరుజల్లు

కాల్షియం వాడుతుంది. మోకాళ్ళ నొప్పులకి వేరే డాక్టరు రాశారు. టైము ఎలాగో నాకు తెలియదండీ. సాయంత్రం వెళ్ళి అడుగుతాను.

వేకువరాగం

నాకు ఉబ్బసం. ఆరేళ్ళుగా ఇన్‌హేలర్ వాడుతున్నాను. నా అభిప్రాయం ఎక్కడ మారిందో చెప్తాను.

రాత్రిళ్ళు ఆయాసం తగ్గట్లేదని ఇంకా గట్టి మందు కావాలని అడగడానికి బయల్దేరుతూ, దారిలో పాత ఇన్‌హేలరే ఇంకొకటి కొనడానికి ఆగాను. ఫార్మసిస్ట్ ఒక పెద్దావిడ. సొరుగులోంచి ఖాళీ ఇన్‌హేలర్ ఒకటి తీసి, "మీరు రోజూ ఎలా వాడతారో ఒకసారి చూపిస్తారా?" అన్నారు. ఆరేళ్ళుగా వాడుతున్నవాణ్ణి, నాకు నేర్పడమేంటి అనుకున్నాను. చూపించాను. నొక్కాను, తర్వాత పీల్చాను. పెదాల పక్కనుంచి తెల్లటి పొగలా బయటికొచ్చింది. ఆవిడ వేలితో దాన్ని చూపించి, "మీ మందు అదిగో, అటు పోతోంది" అన్నారు.

తర్వాత ఒక్కో అడుగూ చెప్పారు. బాగా ఊపాలి. ఊపిరంతా బయటికి వదలాలి. నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. పీలుస్తూనే ఉండాలి. తర్వాత పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మాది స్టెరాయిడ్ రకం కాబట్టి ఆఖర్న నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. నాకు ఆ పూత రెండుసార్లు వచ్చింది! ఎందుకొచ్చిందో అప్పటిదాకా తెలియదు.

నాలుగుసార్లు నాతో చేయించారు. మూడు వారాల్లో రాత్రి లేవడం తగ్గింది. గట్టి మందు అవసరం పడలేదు. అప్పటినుంచి ఏ కొత్త మందు వచ్చినా ముందు ఆవిడనే అడుగుతున్నాను.

లెక్కలపంతులు

జనం చూపు గురించి కాబట్టి రెండు మూడు లెక్కలు.

అమెరికాలో గాలప్ సంస్థ ఏటా ఏ వృత్తివాళ్ళు నిజాయితీగా ఉంటారనుకుంటున్నారో జనాన్ని అడుగుతుంది. నర్సులు ఎన్నో ఏళ్ళుగా మొదటిస్థానంలో ఉన్నారు. ఫార్మసిస్టులు కూడా చాలాకాలం పైవరసలోనే ఉన్నారు. 2020లో వాళ్ళని బాగా నమ్ముతామన్నవాళ్ళు 71 శాతం. 2023కి అది 55 శాతానికి దిగింది. 2020 కోవిడ్ ఏడాది కాబట్టి వైద్యరంగంలో అందరికీ మార్కులు ఎక్కువ పడ్డాయి, తర్వాత అందరికీ తగ్గాయి. అయినా సగం మందికి పైగా నమ్ముతున్నారు.

నాకు ఆశ్చర్యం ఎక్కడంటే, ఇంత నమ్మకం ఉండి కూడా అడిగేవాళ్ళు తక్కువ. "మంచివాడే, కానీ నా జబ్బు గురించి అతనితో ఏం మాట్లాడతాం" అన్నట్టుంటుంది.

మాట్లాడితే ఏమవుతుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి మగవాళ్ళు తరచూ వెళ్ళే క్షౌరశాలలు 52 తీసుకున్నారు. బీపీ అదుపులో లేని 319 మందిని ఎంచుకున్నారు. సగం షాపుల్లో మంగలి "డాక్టరుకి చూపించుకో" అని చెప్పి ఊరుకున్నాడు. మిగతా షాపుల్లోకి ఫార్మసిస్టులు వచ్చి, డాక్టర్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడే బీపీ చూసి మందులు రాశారు. ఆరు నెలల తర్వాత ఫార్మసిస్టులు వచ్చినచోట పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. మంగలి చెప్పి ఊరుకున్నచోట 9 చిల్లర. 2018లో ఫలితాలు వచ్చాయి. మందులు కొత్తవేం కావు. మనిషి దగ్గరికి వెళ్ళి, గుర్తుపెట్టుకుని, మళ్ళీ మళ్ళీ చూశారు. అదీ తేడా.

ముక్కుసూటి

బాగుంది పంతులుగారూ. కానీ ఆ ఫార్మసిస్టులు మాత్రలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు కాదు కదా. నా ప్రశ్న అలాగే ఉంది. అమ్మేవాడి సలహాలో స్వార్థం ఉండదా?

లెక్కలపంతులు

ఉంటుంది. ఈ భయం ఇవాళ్టిది కాదు. 1240 ప్రాంతంలో యూరప్‌లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి తన రాజ్యంలో వైద్యుడినీ మందులు తయారుచేసేవాడినీ విడదీస్తూ చట్టం చేశాడు. ఇద్దరూ కలిసి వ్యాపారం చేయకూడదన్నాడు. మందు రాసేవాడికి ఆ మందు అమ్మకంలో వాటా ఉంటే అవసరం లేకపోయినా రాస్తాడని భయం. ఫార్మసీ వేరే వృత్తిగా నిలబడింది రోగిని కాపాడటానికే.

మిగిలిపోయిన సమస్య మీరన్నదే. ఫార్మసిస్ట్‌కి డబ్బు డబ్బా అమ్మితేనే వస్తుంది, ప్రశ్న అడిగితే రాదు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న మొదలుపెట్టిన పథకంలో ఈ ముడి కొంత విప్పారు. గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవినొప్పి, పురుగుకాటు చీము, సర్పి లాంటి ఏడు సమస్యలకి ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇవ్వొచ్చు. ఆ సంప్రదింపుకి ప్రభుత్వమే డబ్బు ఇస్తుంది. మందు ఇవ్వకుండా "ఇది దానంతటదే తగ్గిపోతుంది" అని పంపినా ఫీజు వస్తుంది. నా దృష్టిలో అసలు మార్పు అదే. కెనడాలోని ఆల్బర్టాలో అయితే 2007 నుంచే ఫార్మసిస్టులకి మందు రాసే అధికారం ఉంది.

డా_నిదానం

నేను జనరల్ డాక్టర్‌ని. రెండు మాటలు, రెండూ మనస్ఫూర్తిగా.

మొదట్లో ఫార్మసిస్ట్ ఫోన్ చేస్తే నాకు చిరాకుగా ఉండేది. ఒకసారి ఒకాయనకి నడుంనొప్పికి మామూలు నొప్పి మాత్రలు రాశాను. ఆయన బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర రెండూ వాడుతున్నారని నాకు చెప్పలేదు. నేనూ గుచ్చిగుచ్చి అడగలేదు. ఆ మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బపడుతుంది, ముఖ్యంగా పెద్దవయసులో. ఆయన అన్ని మందులూ ఒకేచోట తీసుకుంటారు కాబట్టి ఫార్మసిస్ట్‌కి మొత్తం కనపడింది. ఫోన్ చేసింది. మందు మార్చాను. ఆ రోజు నుంచి నా చీటీ మీద ఫోన్ నంబరు స్పష్టంగా ఉండేట్టు చూసుకుంటున్నాను.

రెండోది నా భయం. ఛాతీలో మంట అని పది రోజులు కౌంటర్ దగ్గరే గ్యాస్ మందు కొనుక్కుని వాడి, ఆఖరికి గుండెపోటుతో వచ్చిన మనిషిని చూశాను. ఆయన ప్రతిసారీ వేరే షాపులో కొన్నారు. ఎక్కడా "ఎన్నాళ్ళ నుంచి?" అని అడగలేదు. ఫార్మసిస్ట్ పని పెరగాలనే నేనూ అంటాను. కానీ ఎక్కడ ఆగి మా దగ్గరికి పంపాలో అది కూడా అంతే గట్టిగా నేర్పాలి.

తెల్లకోటు_కౌంటర్

డాక్టరు గారూ, మీ రెండో మాట మా చదువులో ఉన్నదే, కానీ రద్దీలో అదే ముందు జారిపోతుంది. ఎవరికి, ఎన్నాళ్ళుగా, ఇప్పటికే ఏం వాడారు, ఇంకేం లక్షణాలున్నాయి, ఈ నాలుగూ అడగకుండా చీటీలేని మందు చేతికివ్వకూడదు. మీ రోగి ఒకేచోట కొని ఉంటే మూడోసారికైనా ఎవరో ఒకరు ఆపేవాళ్ళేమో. ఎవరికైనా నేను చెప్పే మాట ఇదే, వీలైనంతవరకు అన్ని మందులూ ఒక్కచోటే తీసుకోండి.

గడపదీపం

ఇంతమంది చెప్పారు గానీ, మేం అడగకపోవడానికి ఇంకో కారణం ఉంది. అందరి ముందూ నోరు తెరిచి చెప్పలేం.

మా నాన్నగారికి మూత్రం ఆగడం లేదు. ఆయన మందుల గురించి ఒక సందేహం. పక్కన ముగ్గురు నిలబడి వింటుంటే ఎలా అడగను? మూడుసార్లు వెళ్ళి అడగకుండానే తిరిగొచ్చాను. నాలుగోసారి చిన్న కాగితం మీద రాసి డబ్బుతోపాటు ముందుకు జరిపాను. ఫార్మసిస్ట్ చదివాడు. కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. మిగతావాళ్ళకి మందులిచ్చి పంపేదాకా ఏమీ అనలేదు. తర్వాత పక్కకి వచ్చి, మామూలు కబుర్లు చెప్తున్నంత మెల్లగా, నాన్న వాడుతున్న నీరు తీసే మాత్ర రాత్రి కాకుండా పొద్దున వేయొచ్చేమో డాక్టర్ని అడగమన్నాడు. అడిగాం. మార్చారు. రాత్రి మంచం తడవడం బాగా తగ్గింది.

ఆ కాగితం బోర్లా తిప్పడం నేను జన్మలో మర్చిపోను. చదువు ఎంత ఉన్నా ఆ మర్యాద లేకపోతే నేను నోరు విప్పేదాన్ని కాదు.

లెక్కలపంతులు

అందుకే ఇంగ్లండ్ పథకంలో చేరాలంటే షాపులో విడిగా మాట్లాడుకునే గది ఉండాలన్నారు. తలుపు ఉన్న గది. అది ఉంటే జనం చూపు సగం మారిపోతుందని నా నమ్మకం.

పరుగుపందెం

గడపదీపం గారి పోస్టు చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. నాకు బీపీ మాత్రలున్నాయి. తలనొప్పి తగ్గిందని నెలన్నర క్రితం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే తిడతారని. అడగొచ్చా?

తెల్లకోటు_కౌంటర్

తప్పకుండా అడగండి, ఎవరూ తిట్టరు. దీర్ఘకాలం మందులు వాడాల్సినవాళ్ళలో, సంపన్న దేశాల్లో కూడా, చెప్పినట్టు వాడేది దాదాపు సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే రాసింది. మీరు ఒంటరి కాదు. బీపీ పెరిగినా చాలాసార్లు ఏమీ తెలియదు. తలనొప్పి లేదంటే బీపీ లేదని కాదు. ఇవాళే ఎక్కడైనా బీపీ చూపించుకోండి. మాత్ర మీ అంతట మీరే మళ్ళీ మొదలుపెట్టకుండా, ఎన్నాళ్ళు ఆపారో డాక్టరుకి చెప్పండి. మాత్ర వల్ల తల తిరగడం, పొడిదగ్గు లాంటి ఇబ్బంది ఏదైనా ఉండి మానేసి ఉంటే అదీ చెప్పండి. దానికి వేరే మందులున్నాయి.

ముక్కుసూటి

నిన్న మళ్ళీ అదే షాపుకి వెళ్ళాను. "ఇక్కడ ఫార్మసిస్ట్ ఎవరండీ?" అని గట్టిగానే అడిగాను. లోపల్నుంచి ఒకాయన వచ్చారు. నా పారాసెటమాల్ సంగతి చెప్పాను. వాదించలేదు. రెండు అట్టలూ తెప్పించుకుని, కుర్రాణ్ణి పిలిచి, వెనకవైపు చిన్న అక్షరాలు ఎక్కడ చదవాలో నా ముందే చూపించారు. దుకాణమన్న నా మాట మారలేదు. కానీ లోపల ఒక ఫార్మసిస్ట్ ఉన్నాడని ఇప్పుడు తెలుసు. ఇకమీదట ఆయన్నే పిలవమంటాను.

చిరుజల్లు

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి.

అమ్మని అడిగాను. పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర, "ఎలాగూ నీళ్ళు పట్టుకున్నాను కదా" అని దాంతోపాటే కాల్షియం మాత్ర. ఏడాదిగా రోజూ! రెండూ ఒకే చిన్న డబ్బాలో పెట్టుకుంది.

ఇవాళ అమ్మనే వెంటబెట్టుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ముందు ఆ రోజు కసురుకున్నందుకు సారీ చెప్పాను. "అయ్యో పర్లేదండీ" అని, కాల్షియం ఆ మాత్రని కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వదని, రెండిటికీ మధ్య నాలుగు గంటలైనా ఎడం ఉండాలని అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున ఉత్త నీళ్ళతో, కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత. డబ్బాలు కూడా వేరు చేయించింది. డోసు రెండుసార్లు పెంచి ఉన్నారు కాబట్టి ఇప్పుడు మందు పూర్తిగా ఒంటికి పడితే ఎక్కువైపోవచ్చని, ఈ సంగతి డాక్టరుకి వెంటనే చెప్పమని ఒక కాగితం మీద రాసిచ్చింది. గుండెదడ, చేతులు వణకడం ఉంటే ఆగకుండా ఫోన్ చేయమంది.

డాక్టరు గారితో మాట్లాడాను. డోసు కొంచెం తగ్గించారు. ఆరు వారాల తర్వాత మళ్ళీ టెస్టు. రిపోర్టు రాగానే ముందు ఆ అమ్మాయికి చూపించి, తర్వాత ఇక్కడ రాస్తాను.